గిన్నెలో క్యూబా!

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయి రెండ్రోజులు ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర మాంసం అంటూ కుమ్మేశాడు. మూడోరోజు మెల్లగా మొదలుపెట్టాడు. ‘అమ్మా, మయామీలో ఓ గిన్నె భోజనం దొరుకుతుంది. కింద పచ్చటి అన్నం, పక్కన నల్ల చిక్కుడుగింజలు, పైన పుల్లపుల్లగా చికెన్ ముక్కలు, ఓ మూల వేయించిన అరటిపండు. నువ్వు చెయ్యగలవా?’ అని. ఏ అమ్మయినా ఏమంటుంది? ‘దానికేం భాగ్యంరా!’ అంటుంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా అల్లం వెల్లుల్లి ముద్ద, గరంమసాలా, కారం పట్టించి వేయించిన చికెన్, కొబ్బరిపాలతో అన్నం, పైన అలంకారానికి అనాస ముక్కలు... అన్నీ సిద్ధం. అబ్బాయి లొట్టలేసుకుంటూ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం ఓ మాటన్నాడు.

‘బాగుందిగానీ... అది కాదమ్మా!’

ఇలాంటి ‘అది కాదమ్మా’లు ఈమధ్య చాలా ఇళ్లలో వినిపిస్తున్నాయి. తప్పు అమ్మది కాదు. ఉష్ణమండలపు వంట అనగానే ఎవరికైనా ముందు కొబ్బరిచెట్టు, అనాసపండు, సముద్రతీరమే గుర్తొస్తాయి. హోటళ్లవాళ్లూ అంతే. ఏ వంటకం మీదైనా నాలుగు అనాస ముక్కలు చల్లేసి ‘ట్రాపికల్’ అని పేరు పెట్టేస్తారు. అబ్బాయి అడిగింది అది కాదు. మయామీలో స్థిరపడ్డ క్యూబావాళ్లు ఇంట్లో రోజూ తినే భోజనం. అన్నం, గింజలు, మాంసం, అరటి... వీటిని ‘పోయో ట్రాపికల్’ లాంటి హోటళ్లు గిన్నెల్లో సర్ది అమ్ముతాయి. 1988లో మయామీలోనే మొదలైంది ఆ హోటల్. ‘పోయో’ అంటే స్పానిష్‌లో కోడి. ఇళ్లలో వండే ఆ గిన్నెకి ప్రాణం కొబ్బరీ కాదు, అనాసా కాదు. పుల్లనారింజ, వెల్లుల్లి. ఆ రెండూ కుదిరితే మిగతావాటిలో ఎన్ని మార్పులు చేసినా చెల్లిపోతుంది. అవి కుదరకపోతే క్యూబా నుంచి సామాన్లన్నీ తెప్పించినా వృథాయే!

సముద్రం దాటిన వంట

1959లో ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాక క్యూబా నుంచి లక్షలమంది ఫ్లోరిడాకి తరలిపోయారు. 1965 నుంచి 1973 దాకా నడిచిన ప్రత్యేక విమానాల్లో వెళ్లినవాళ్లే దాదాపు 3 లక్షలు. 1980లో మరియెల్ రేవు నుంచి దొరికిన పడవ పట్టుకుని వెళ్లినవాళ్లు ఇంకో లక్షా పాతికవేలు. మయామీలో ‘ఫ్రీడమ్ టవర్’ అనే పాత భవనం ఉంది. ఒకప్పుడు ఓ పత్రిక కార్యాలయం. 1962 నుంచి 1974 వరకూ కొత్తగా వచ్చినవాళ్లు కాగితాలు రాయించుకున్నదీ, వైద్యం చేయించుకున్నదీ అక్కడే. ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చినవాళ్ల దగ్గర పెద్దగా సామానేం ఉంటుంది? నాలుకమీది రుచి ఒక్కటే ఎవరూ లాక్కోలేనిది. ‘లిటిల్ హవానా’ పేటలో ఎనిమిదో వీధి పొడవునా వెలిసిన చిన్న చిన్న హోటళ్లలో ఆ రుచి మళ్లీ పొయ్యెక్కింది.

మరి అక్కడే ఉండిపోయినవాళ్ల సంగతి? క్యూబాలో 1962లో రేషన్ వచ్చింది. దొరికే సరుకులు దొరుకుతాయి, లేనివి లేవు. ఆ రోజుల్లో ఆ దేశానికి వంట నేర్పిన ఆవిడ పేరు నిత్సా వీయపోల్. ‘కోసీనా అల్ మినూతో’ అనే కార్యక్రమంతో నలభై ఏళ్లకు పైగా టీవీలో వంటలు చెప్పింది. అదే పేరుతో ఆమె రాసిన పుస్తకం క్యూబావాళ్ల ఇళ్లలోనే కాదు, దేశం వదిలిపోయినవాళ్ల ఇళ్లలోనూ కనిపిస్తుంది. ఆవిడ చేసిన పని చిన్నదేం కాదు. మామూలుగా ఎవరైనా ముందు వంటకం అనుకుంటారు, తర్వాత దానికి కావలసిన సరుకులు రాసుకుంటారు. ఆవిడ దాన్ని తిరగేసింది. ముందు ఇంట్లో ఏముందో చూడు, వంటకం సంగతి తర్వాత ఆలోచిద్దాం అనే పద్ధతి అలవాటు చేసింది. నెలాఖరు రోజుల్లో మన ఇళ్లలో జరిగేదీ ఇదే కదా!

ఇందులో ఇంకో చోద్యం కూడా ఉంది. ఫ్లోరిడా దక్షిణపు కొస నుంచి క్యూబా 145 కిలోమీటర్లే. అటునుంచి మనుషులు ఇటొస్తే, ఇటునుంచి కోళ్లు అటువెళ్లాయి. వ్యాపార ఆంక్షల్లో ఆహారానికి మినహాయింపునిస్తూ అమెరికా 2000లో చట్టం చేసింది. 2001 చివర్లో ఓడలు కదిలాయి. ఆ తర్వాతి ఏళ్లలో అమెరికా నుంచి క్యూబా కొన్న సరుకుల్లో గడ్డకట్టించిన కోడిమాంసానిదే పెద్దపీట.

నారింజ మనదే!

ఇక వంటింట్లోకి వద్దాం. ఈ గిన్నెకి మూలాధారం ‘మోహో’ అనే పుల్లటి రసం. స్పెయిన్ ఏలుబడిలోని కెనరీ దీవుల నుంచి వలసవెళ్లినవాళ్లు ఈ పేరునీ పద్ధతినీ క్యూబాకి పట్టుకెళ్లారు. దంచిన వెల్లుల్లి, ఉప్పు, జీలకర్ర, కాగిన నూనె, పుల్లనారింజ రసం... అంతే. పుల్లనారింజని వాళ్లు ‘నరాంహా ఆగ్రియా’ అంటారు. ఆ మొదటి మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన నారింజే! ద్రావిడ భాషల్లో పుట్టిన ఆ మాట సంస్కృతంలోకి వెళ్లి, పారశీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ చేరిందని భాషావేత్తలు చెబుతారు. కాయ కూడా ఆసియా నుంచి అరబ్బుల చేతిమీదుగానే అక్కడికి చేరింది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో నారింజ, నిమ్మజాతి గింజలు కరీబియన్ దీవుల్లో అడుగుపెట్టాయి. అంటే అబ్బాయి మయామీలో తిన్న పులుపు మనకేం పరాయిది కాదు.

ఇప్పుడు బజార్లో నారింజ అంటే తియ్యటి పండే ఇస్తారు. కానీ మన పెద్దవాళ్లు పులిహోరకీ, ఊరగాయకీ వాడిన నారింజ పుల్లటిదే. పెరట్లో ఆ చెట్టున్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకి దబ్బకాయ ఉంది. వాసన కాస్త వేరుగానీ పులుపులోని ఆ చిరుచేదు దగ్గరగానే ఉంటుంది. దబ్బకాయ రసం మూడొంతులకి కమలా రసం ఒక వంతు కలిపితే సరి. రెండూ దొరక్కపోతే రెండొంతులు కమలా రసం, ఒక వంతు నిమ్మరసం. ఇదేమీ చిన్నతనం కాదు. ఫ్లోరిడాలోనూ చాలామంది ఇప్పుడు చేస్తున్నది అదే. 2005లో అక్కడ బయటపడ్డ గ్రీనింగ్ తెగులు తోటల్ని ఊడ్చేసింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన ఫ్లోరిడా నారింజ దిగుబడి 2022-23 నాటికి 1.6 కోట్లకి పడిపోయింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. సీసాల్లో దొరికే నారింజ డ్రింకులు, స్క్వాష్‌లు దీనికి పనికిరావు. చక్కెర పెనానికి అంటుకుని మాడుతుంది, చికెన్ పాకంలో ముంచినట్టు తయారవుతుంది.

ఒరెగానో అనే ఆకు కూడా కావాలి. పిజ్జాతోపాటు ఇచ్చే పొట్లాలు చాలా ఇళ్లలో డ్రాయరు నిండా ఉంటాయి, వాటికిన్నాళ్లకు మోక్షం! అవీ లేకపోతే కుండీలోని వామాకు తుంచండి. బజ్జీలేసుకునే ఆ దళసరి ఆకే. ఇంగ్లిషులో దానికి ‘క్యూబన్ ఒరెగానో’ అనే పేరుంది మరి. అయితే ఘాటు ఎక్కువ, నాలుగు ఆకులకి మించొద్దు.

నలుగురికి కావలసినవి

చికెన్ (ఎముక తీసిన తొడ మాంసం) - 600 గ్రా., పుల్లటి రసం - కప్పు, వెల్లుల్లి - 20 రెబ్బలు, జీలకర్ర పొడి - 3 చెంచాలు, ఎండు ఒరెగానో - 2 చెంచాలు, మిరియాల పొడి - చెంచా, నల్ల చిక్కుడుగింజలు - కప్పు, ఉల్లిపాయలు - 2, క్యాప్సికమ్ - 1, బిర్యానీ ఆకులు - 2, వెనిగర్ - 2 చెంచాలు, చక్కెర - అర చెంచా, బియ్యం - 2 కప్పులు, బాగా పండిన కూర అరటిపండ్లు - 2, నూనె - ముప్పావు కప్పు, పసుపు - చిటికెడు, ఉప్పు - తగినంత.

గింజల్ని ముందురోజు రాత్రే నానబెట్టాలి. నల్లగా ఉన్నాయి కదా అని మినుములు పోశారో, గిన్నెలోంచి ఇడ్లీపిండి వాసన వస్తుంది! ఇవి రాజ్మా జాతివే, పెద్ద ఊళ్లలోని సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. దొరక్కపోతే చిన్న రాజ్మా వాడుకోవచ్చు, అలసందలైనా ఫర్వాలేదు. రాజ్మా అయినా నల్లగింజలైనా నానిన నీళ్లు పారబోసి, మూడున్నర కప్పుల మంచినీళ్లు, బిర్యానీ ఆకు, సగం క్యాప్సికమ్ వేసి కుక్కర్లో ఆరు విజిల్స్ రానిచ్చి, మంట తగ్గించి మరో పది నిమిషాలుంచాలి. సగం ఉడికిన రాజ్మా కడుపుని పాడుచేస్తుంది కాబట్టి వేళ్లమధ్య నొక్కితే వెన్నలా నలగాల్సిందే. అలసందలకైతే మూడు విజిల్స్ చాలు.

ఇప్పుడు బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిగతా క్యాప్సికమ్, ఆరు రెబ్బల వెల్లుల్లి మెత్తబడేదాకా వేయించాలి. క్యూబావాళ్లు దీన్ని ‘సొఫ్రీతో’ అంటారు, వాళ్ల వంటల్లో మన తాలింపంత ముఖ్యం. చెంచా జీలకర్ర పొడి, ఉప్పు వేసి, ఉడికిన గింజలు నీళ్లతో సహా అందులో పోయాలి. గరిటెడు గింజల్ని అక్కడే మెదిపితే రసం చిక్కబడుతుంది. పావుగంట సన్నసెగమీద వదిలేస్తే పప్పుచారుకన్నా చిక్కగా, ముద్దపప్పుకన్నా పలచగా తయారవుతుంది. వెనిగర్, చక్కెర దించేముందే. ముందే వెనిగర్ పోస్తే ఏమవుతుందో తెలుగిళ్లలో చెప్పక్కర్లేదు. చింతపండు ముందేసిన కందిపప్పు ఎన్నిసార్లు మొండికేయలేదూ!

చికెన్ దగ్గర రెండే రెండు కష్టాలు. ఒకటి పులుపు, రెండోది తడి. రసంలో సగం తీసుకుని నాలుగు రెబ్బల వెల్లుల్లి ముద్ద, చెంచా జీలకర్ర పొడి, ఒరెగానో, మిరియాలు, చెంచాంపావు ఉప్పు కలిపి ముక్కలకి పట్టించి ఫ్రిజ్‌లో రెండు గంటలుంచితే చాలు. రుచి బాగా పడుతుంది కదా అని రాత్రంతా వదిలేస్తే పులుపుకి పైపొర పిండిపిండిగా అయిపోతుంది. పెరుగులో నానబెట్టే అలవాటుతో చాలామంది చేసే పొరపాటిది. పెరుగు పులుపు నెమ్మది, దబ్బకాయ పులుపు దూకుడు.

తీశాక ముక్కల్ని తుడిచి తడి లేకుండా చెయ్యాలి. తడి ముక్క పెనంమీద వేగదు, ఉడుకుతుంది. ఇనుప దోసెపెనం బాగా కాల్చి, రెండు చెంచాల నూనె రాసి, ముక్కల్ని ఇరుకు లేకుండా పరిచి, ఒక్కోవైపూ ఐదారు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. గరిటె చేతిలో ఉంటే కలపాలనిపిస్తుంది. వద్దు! అంచులు నల్లబడితేనే రుచి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే ఉడికినట్టు లెక్క. థర్మామీటరు లేనివాళ్లు మందమైన చోట కోసి చూసుకోవాలి, గులాబీరంగు కనిపించకూడదు, కారే రసం తేటగా ఉండాలి. దించి ఐదు నిమిషాలు ఆగి అప్పుడు ముక్కలు కొయ్యాలి. పచ్చిమాంసం నానిన రసాన్ని మాత్రం మీద పోయడానికి దాచుకోకండి, పారబోయండి. అన్నట్టు, పసుపు ఉప్పు రాసి కడగందే మనకి మనసొప్పదు. కడిగేవాళ్లు కుళాయి ధారకింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి కడిగితే ఆ చిందులు పక్కనున్న కొత్తిమీర కట్టమీద పడకుండా ఉంటాయి.

అన్నానికి పెద్ద తతంగం లేదు. చెంచా నూనెలో రెండు రెబ్బల వెల్లుల్లి వేగాక, కడిగి వార్చిన బియ్యం వేసి నిమిషం తిప్పి, పసుపు, ఉప్పు, నాలుగు కప్పుల నీళ్లు పోసి మూతపెట్టడమే. సోనామసూరి పాతబియ్యమైతే పొడిపొడిగా వస్తుంది. బాస్మతి వాసన వెల్లుల్లితో పోటీపడుతుంది, బిర్యానీకి దాచుకోండి. క్యూబాలో రంగు కోసం జాఫ్రా గింజలు వాడతారు. అందుకే అక్కడి అన్నం పసుపుకన్నా కాస్త ఎర్రగా ఉంటుంది. జాఫ్రా దొరికినవాళ్లు పావు చెంచా గింజల్ని నూనెలో వేడిచేసి, రంగు దిగగానే గింజలు తీసేసి ఆ నూనె వాడుకోవచ్చు. పసుపు చిటికెడు దాటితే మాత్రం పులిహోర అయిపోతుంది. గింజల్నీ బియ్యాన్నీ కలిపే వండే పద్ధతీ ఉంది. దాన్ని ‘మోరోస్ ఇ క్రిస్తియానోస్’ అంటారు. ఒకప్పుడు స్పెయిన్‌లో యుద్ధాలు చేసుకున్న మూర్లూ, క్రైస్తవులూ ఒకే గిన్నెలో అన్నమాట!

అరటిపండు విషయంలో ఓపిక కావాలి. చక్కెరకేళి, అమృతపాణి నూనెలో పడగానే జావ అవుతాయి. కేరళ నేంద్రంగానీ, మన కూర అరటిని పండబెట్టిగానీ వాడాలి. తొక్క పచ్చబడితే చాలదు, మచ్చలు పడి దాదాపు నల్లబడాలి. ఎవరైనా చూస్తే కుళ్లిపోయిందని పారేసేలా ఉండాలి, అప్పుడే లోపల తియ్యగా ఉంటుంది. ఏటవాలుగా అర అంగుళం మందాన కోసి, మిగిలిన నూనెలో సగం వేసి సన్నసెగమీద వేయిస్తే అంచులు పాకంపట్టి ఎర్రబడతాయి.

చివరికి మోహో

అన్నీ అయ్యాక, వడ్డించే పది నిమిషాల ముందు చెయ్యాల్సింది ఇది. మిగిలిన ఎనిమిది రెబ్బల వెల్లుల్లి, అర చెంచా ఉప్పు, చెంచా జీలకర్ర పొడి రోట్లో మెత్తగా నూరి లోతైన స్టీలు గిన్నెలోకి తీసుకోవాలి. మిక్సీ కన్నా రోలే నయం, మిక్సీలో వెల్లుల్లి నురగ కట్టి చేదెక్కుతుంది. నాలుగు పెద్ద చెంచాల నూనె కాచి ఈ ముద్దమీద పోస్తే ‘సుయ్’మంటూ పొంగి ఇల్లంతా వాసన కమ్ముతుంది. వెల్లుల్లి తెల్లగానే ఉండాలి. ఎర్రబడితే నూనె మరీ కాగిందని అర్థం, మొహమాటం లేకుండా పారేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒక నిమిషం ఆగి, దాచిన అర కప్పు పుల్లటి రసం కలపాలి. వెంటనే పోస్తే మొహంమీదికి చిందుతుంది. రసం పోశాక మళ్లీ పొయ్యిమీద పెట్టొద్దు. దబ్బకాయ పులిహోరలో రసం దించాకే ఎందుకు పిండుతారో, ఇక్కడా అందుకే.

గిన్నెలో అన్నం, ఓ పక్క గింజలు, మధ్యలో చికెన్, మూలన అరటిముక్కలు పెట్టి, పైన రెండు చెంచాల మోహో, కాసిని పచ్చి ఉల్లిచీలికలు వేస్తే భోజనం సిద్ధం. మిగిలిన మోహో ఫ్రిజ్‌లో పెట్టి రెండ్రోజుల్లో వాడెయ్యాలి.

ఇందులో కారం ఎక్కడుందని అడుగుతారేమో! లేదు. క్యూబావాళ్లు కారం పెద్దగా తినరు. మొదటి నాలుగు ముద్దలు తెలుగు నాలుకకి చప్పగా అనిపించే మాట నిజం. అయిదో ముద్దకి పులుపు, ఆ తర్వాత అరటిపండు తీపి, వాటి వెనకాల గింజల కమ్మదనం ఒక్కోటీ తెలుస్తాయి. చికెన్‌కి కారం పట్టిస్తే ఇవేవీ బయటికి రావు. అప్పుడది మనం ఎప్పుడూ తినే చికెన్ వేపుడే. ఉండబట్టలేనివాళ్లు కంచం పక్కన ఓ పచ్చిమిరపకాయ పెట్టుకుని కొరుక్కుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అన్నం గిన్నె అడుగున ఎర్రగా కరకరలాడే పొర మిగులుతుంది చూడండి, క్యూబాలో దాన్ని ‘రాస్పా’ అంటారు. అక్కడి ఇళ్లలోనూ దానికోసం పిల్లలూ పెద్దలూ పోటీపడతారు. మన మాడుచెక్కే! వడ్డన మొదలుపెట్టకముందే అది ఎవరికో తేల్చుకోవడం మంచిది. అబ్బాయి సెలవుకి వచ్చాడు కదా అని వదిలేస్తే, వాళ్ల నాన్న రెండ్రోజులు మాట్లాడరు.